పడవెక్కితే మాట పడిపోవాలా?

మూడేళ్ల కిందట సంక్రాంతి సెలవుల్లో మా ఇంటిల్లిపాదీ శ్రీశైలం డ్యామ్ వెనక నీళ్లల్లో పడవ షికారుకు పోయినాం. ఏ రేవు, ఎవరి పడవ అన్నది చెప్పను. చెప్పి ఒకరి పొట్ట కొట్టడం నా ఉద్దేశం కాదు. ఆ ఒక్క పడవ సంగతి అయితే ఇంత రాసే పనీ లేదు.

నేనూ, మా ఆయన, పిల్లలిద్దరూ, మా తోడికోడలు వాళ్లూ, మా అత్త. మొత్తం తొమ్మిది మందిమి. మా అత్తను మోకాళ్ల నొప్పులతో ఆ మెట్లు దించడానికే అర్ధగంట పట్టింది. అయినా ఆమె రావాలని పట్టుబట్టింది. ఎందుకంటే ఆ నీళ్ల కిందనే ఆమె పుట్టిల్లు ఉంది. డ్యామ్ కట్టి నీళ్లు ఎక్కినప్పుడు మునిగిపోయిన ఊర్లలో ఆమె పుట్టిన ఊరు కూడా ఒకటి. అప్పటికే పెళ్లయి నంద్యాల వచ్చేసింది. వాళ్ల నాయన మూటాముల్లె సర్దుకుని వేరే ఊరికి పోయిన రోజు ఈమె అక్కడ లేదు. నలభై ఏళ్లకు పైగా అయినా మళ్లీ ఆ వైపు చూడలేదు.

పడవ కదిలింది. ఇంజను మొదలైంది. పొలం దగ్గర నీళ్లు తోడే డీజిల్ ఇంజను ఉంటుందే, అదే పడవ వెనక భాగంలో బిగించినారు. మూత లేదు, పెట్టె లేదు. పొగగొట్టం నేరుగా ఆకాశంలోకి. డబడబమని మొదలుపెట్టింది మళ్లీ ఒడ్డుకు వచ్చేదాకా ఆగలేదు. పక్కన కూర్చున్న మా తోడికోడలితో మాట్లాడాలన్నా చెవిలో నోరు పెట్టి అరవాల్సిందే. చిన్నోడు రెండు చేతులతో చెవులు మూసుకుని కూర్చున్నాడు.

నడి నీళ్లల్లోకి పోయినాక మా అత్త లేచి నిలబడబోయింది. ఒక కొండ వైపు చెయ్యి చూపించి ఏదో చెప్పింది. ఒక మాట కాదు, రెండు మూడు నిమిషాలు చెప్పింది. చెయ్యి ఇటు తిప్పి, అటు తిప్పి, వేళ్ల మీద ఏవో లెక్కపెట్టి చెప్పింది. నాకు ఒక్క అక్షరం వినపడలేదు. "ఏందత్తా?" అని అరిచినా. ఆమెకు నా మాట వినపడలేదు. ఆఖరికి ఆమె నా ముఖం చూసి, నాకేమీ అర్థం కాలేదని తెలుసుకుని, చెయ్యి దించి కొంగు సర్దుకుని కూర్చుంది.

ఇంటికొచ్చినాక అడిగినా. "అత్తా, పడవలో ఏదో చెప్తాంటివే, ఏంది అది?"

"ఏమోలే మే. ఆడ చూసినప్పుడు గెవనానికి వచ్చింది. ఇప్పుడు యాడ చెప్పేది" అనింది.

ఆ రోజు టికెట్లకు పెట్టిన డబ్బులు పోయినాయని నాకు బాధ లేదు. ఆ మాటలు పోయినాయే అని బాధ. కూడవెల్లి సంగమేశ్వరాలయం మునిగిపోతుందని రాయి రాయి విప్పి అలంపురం తీసుకుపోయి మళ్లీ కట్టినారు. మంచి పని చేసినారు. మా అత్త లాంటి వాళ్ల దగ్గర ఉన్నవి మాటలే. అవి చెప్పుకోవడానికి ఆమెకు దొరికింది ఒక్క అర్ధగంట. ఆ అర్ధగంటను ఒక మూత లేని ఇంజను తినేసింది.

నేను బీఏ తెలుగు చదివినా. మన భాషలో శబ్దం అంటే చప్పుడే కాదు, మాట అని కూడా అర్థం. అందుకే బహుజనపల్లి సీతారామాచార్యులు గారు తన నిఘంటువుకు శబ్దరత్నాకరం అని పేరు పెట్టుకున్నారు. పడవలో మాత్రం చప్పుడు వచ్చి మాటను మింగేస్తాంది. దీన్ని మనం "ఇంజనన్నాక చప్పుడు రాదా" అని సరిపెట్టుకుంటున్నాం. నా గొడవంతా ఈ సరిపెట్టుకోవడం మీదే.

ఇంట్లో చూడండి. మనం మిక్సీ వేస్తే "ఫోను మాట్లాడతాండా, ఆపు" అంటారు. కుక్కర్ నాలుగో విజిల్ వేస్తే "ఎన్ని విజిల్సు!" అంటారు. గిన్నె కింద పడితే హాల్లోంచి గొంతు వస్తుంది. అదే మనుషులు డబ్బులిచ్చి పడవెక్కి, అర్ధగంట చెవులు పగిలే చప్పుడులో కూర్చుని, దిగినాక "భలే ఉంది" అంటారు. ఆడవాళ్ల చేతిలోని యంత్రం చేసేది రొద, మగవాళ్ల చేతిలోని యంత్రం చేసేది పవర్! ఈ మాట మా ఆయనతో అంటే నవ్వి, "పోయి మీ తమ్ముణ్ని అడుగు, ఇంజన్ల సంగతి వానికి తెలుసు" అన్నాడు. అడిగినా.

మా తమ్ముడు ప్రొద్దుటూరులో డీజిల్ ఇంజన్లు, జనరేటర్లు బాగు చేస్తాడు. వాడు చెప్పింది విని నాకు ఇంకా కోపం వచ్చింది.

"అక్కా, ఇంజను ఒకటే గానీ చప్పుడు ఒకటి కాదు. నాలుగు చోట్ల నుంచి వస్తాది" అన్నాడు. పొగగొట్టం నుంచి వచ్చేది ఒకటి, అన్నిటికంటే పెద్దది అదే. ఇంజను ఒంట్లో లోపలి సామాన్లు కొట్టుకునే చప్పుడు రెండోది. ఇంజను అదురు బోల్టుల గుండా పడవకు ఎక్కితే, పడవ అడుగంతా తప్పెట మాదిరి మోగుతుంది, అది మూడోది. నీళ్లల్లో తిరిగే ప్రొపెల్లర్ రెక్కల చప్పుడు నాలుగోది. నాలుగింటికీ మందు ఉంది. ఏ ఒక్కటీ కొత్తగా కనిపెట్టాల్సింది కాదు.

అదురు సంగతి మనకు వాడు చెప్పక్కర్లేదు. మిక్సీని ఉత్త బండ మీద పెడితే ఎట్లా మోగుతుంది, కింద మడత పెట్టిన టవల్ వేస్తే ఎట్లా తగ్గుతుంది? అదే సూత్రం. ఇంజను కాళ్ల కింద దాని బరువుకు తగిన రబ్బరు మౌంటింగులు వేస్తే అదురు పడవకు ఎక్కదు. రబ్బరు మీద ఇంజను కొంచెం ఊగుతుంది కాబట్టి షాఫ్టు దగ్గర ఆ ఊగుడును తట్టుకునే కప్లింగ్ వేయాలి. అంతే.

పొగగొట్టానికి సైలెన్సర్ ఉంటుంది. ఉండాలి. చాలా చోట్ల అది తుప్పు పట్టి బొక్క పడితే మార్చరు. కొందరు "పికప్ బాగుంటాది" అని పీకేస్తారు. మంచి పడవల్లో అయితే ఇంజను చల్లబరిచిన నీళ్లనే పొగగొట్టంలోకి వదులుతారు. పొగ చల్లబడుతుంది, చప్పుడు సగం చచ్చిపోతుంది. ఆ నీళ్లు వెనక్కి ఇంజనులోకి పోకుండా గొట్టాన్ని పైకెత్తి వంచి పెట్టాలి, అది తెలిసిన మేస్త్రీ చేయాల్సిన పని. పడవ వెనక తగిలించే మోటార్లలో పొగ నీళ్ల కిందికే పోయే ఏర్పాటు కంపెనీ నుంచే ఉంటుంది. వాటిలో కూడా పాత టూ-స్ట్రోక్ కంటే ఫోర్-స్ట్రోక్ చాలా నెమ్మది.

ఇంజను ఒంటి చప్పుడుకు పెట్టె కట్టాలి. ఇక్కడే మన వాళ్లు పొరపాటు చేస్తారట. నాలుగు థర్మోకోల్ అట్టలు, ఇంత స్పాంజి అతికించి "లాభం లేదు" అంటారు. చప్పుడును ఆపేది బరువు. తేలిక వస్తువు ఆపదు. పెట్టె గోడ బరువుగా ఉండాలి, దాని లోపలి వైపు చప్పుడును పీల్చుకునే స్పాంజి పొర ఉండాలి. ఆ స్పాంజి డీజిల్ పీల్చకూడదు, నిప్పు అంటుకోకూడదు. పెట్టె ఎక్కడా ఇంజనుకు తగలకూడదు. ఇంకో సంగతి, చిన్న సందు ఉన్నా పెట్టె కట్టి ప్రయోజనం లేదు. చిల్లు కడవలో నీళ్లు నిలవనట్టే సందున్న పెట్టెలో చప్పుడు నిలవదు.

"మరి ఇంజనుకు గాలి అక్కర్లేదా, వేడెక్కదా?" అని నేనే అడిగినా. గాలి దారి నేరుగా కాకుండా రెండు మూడు మలుపులు తిప్పి పెట్టాలట. గాలి మలుపు తిరుగుతుంది, చప్పుడు గోడకు కొట్టుకుని మలుపు మలుపుకూ తగ్గుతుంది. పెట్రోలు ఇంజను అయితే మరీ జాగ్రత్త. పెట్రోలు ఆవిరి బరువైంది, పెట్టె అడుగున నిలిచి అంటుకునే ప్రమాదం ఉంది. దానికి గాలి ఆడే ఏర్పాటు వేరే ఉండాలి.

ప్రొపెల్లర్ అయితే, రాళ్లకు తగిలి రెక్క వంగితే పడవంతా అదురుతుంది. సరి చేయించాలి, లేదా మార్చాలి. పడవకు తగిన సైజు వేస్తే ఇంజనును అంత రేజ్ చేసే పని కూడా ఉండదు.

ఇప్పుడు నా కోపం ఎక్కడొచ్చిందో చెప్తా. మా తమ్ముడు రోజూ చేసే పనే ఇది. మన పెళ్లిళ్లకు జనరేటర్ తెస్తారు కదా, ఎప్పుడైనా గమనించినారా? పెద్ద ఇనుప పెట్టెలో ఉంటుంది. మన చిన్నప్పుడు పెళ్లి పందిరి వెనక మూత లేని జనరేటర్ మోగేది, మంత్రాలు కూడా వినపడేవి కాదు. ఇప్పుడు ఎందుకు మారింది? కంపెనీల మనసు కరిగి కాదు. 2005 నుంచి తయారయ్యే డీజిల్ జనరేటర్లు మీటరు దూరంలో 75 డెసిబెల్స్ దాటకూడదని కేంద్రం నిబంధన పెట్టింది కాబట్టి. డబ్బాలు వాటంతట అవే వచ్చినాయి. రేట్లు పెరిగి పెళ్లిళ్లు ఆగిపోలేదు. ఇరవై ఏళ్ల కిందట నేల మీద డీజిల్ ఇంజనుకు చేయగలిగిన పనిని, నీళ్ల మీద డీజిల్ ఇంజనుకు ఎందుకు చేయలేం? నీళ్ల మీద మన చెవులు మారిపోతాయా?

డెసిబెల్ అంటే మన కిలోల లెక్క కాదు, అది కూడా గుర్తు పెట్టుకోండి. పది పెరిగితే చప్పుడు శక్తి పది రెట్లు అవుతుంది, చెవికి దాదాపు రెట్టింపుగా వినపడుతుంది. మామూలు మాట 60 దగ్గర ఉంటుంది. చెయ్యి చాపితే అందేంత దూరంలో ఉన్న మనిషితో గొంతు పెంచి మాట్లాడాల్సి వస్తోందంటే అక్కడ 85 దగ్గరో, దాటో ఉందని నిపుణులు చెప్పే కొండగుర్తు. దీనికి మీటరు అక్కర్లేదు, పక్కన ఒక తోడికోడలు ఉంటే చాలు.

"అర్ధగంటే కదమ్మా, సర్దుకోండి" అంటారు. మనకు అర్ధగంట. పడవ నడిపే పిల్లోనికి?

ఆ రోజు రేవులో బజ్జీలు వేస్తున్న ఆమె ఆ పడవ నడిపే అబ్బాయి భార్యే. మా అత్త కూర్చుండిపోతే మంచినీళ్లు ఇచ్చింది. మాటల్లో మాటగా చెప్పింది. "ఇంట్లో ఎంత పిలిచినా పలకడక్కా. మొదట్లో పొగరనుకున్నా. టీవీ పెద్దగా పెడతాడు, పిల్ల పండుకోదు. నేను అరిస్తే గయ్యాళి అంటారు ఇరుగుపొరుగు." ముప్పై దాటని మనిషి. ఆ ఇంజను పక్కన రోజంతా కూర్చుంటాడు. అమెరికాలో కార్మికుల ఆరోగ్యం చూసే నయోష్ అనే సంస్థ 85 డెసిబెల్స్‌లో 8 గంటలకు మించి ఉండొద్దంటుంది. అక్కడి నుంచి ప్రతి 3 డెసిబెల్స్‌కూ సమయం సగం కావాలి. 88 అయితే 4 గంటలు, 91 అయితే 2 గంటలు, 94 అయితే ఒక గంట. మన ఫ్యాక్టరీల నిబంధనలు 8 గంటలకు 90 దాకా ఒప్పుకుంటాయి. ఫ్యాక్టరీలో పని చేసేవానికి ఏదో ఒక హద్దు ఉంది. పడవ వెనక కూర్చున్నవానికి చెవిలో పెట్టుకునే దూది కూడా లేదు. చప్పుడుతో పోయిన వినికిడి మళ్లీ రాదు. దాని ఫలితం అనుభవించేది గయ్యాళి అని పేరు మోస్తున్న ఆ పిల్ల. ఒక ఇంజనుకు పెట్టె కట్టకపోతే ఒక సంసారంలో మాట ఎట్లా పోతుందో చూడండి.

రెండో వాదన, "చప్పుడు ఉంటేనే చేపల తెప్పలోళ్లు తప్పుకుంటారు". దానికి హారన్ ఉంది. పైగా ఆ తెప్పలోని మనిషి "ఆగు, ఆగు" అని అరిస్తే మన పడవ నడిపేవానికి వినపడుతుందా? కచ్చులూరు దగ్గర 2019 సెప్టెంబర్ 15న గోదావరిలో పడవ మునిగినాక మనందరం లైఫ్ జాకెట్ అడగడం నేర్చుకున్నాం. మంచిదే. కానీ "అందరూ ఒక పక్కకు రావద్దు, కూర్చోండి" అనే మాట చివరి వరసకు వినపడకపోతే ఆ జాకెట్ ఒక్కటే ఏం చేస్తుంది? మా అత్త లేచి నిలబడబోయినప్పుడు పడవబ్బాయి ఏదో అరిచినాడు. మాకు ఎవరికీ వినపడలేదు. మాట వినపడటం కూడా భద్రతే.

మూడోది, ఖర్చు. ఒప్పుకుంటా. పెట్టె, రబ్బరు, కప్లింగ్ ఊరికే రావు. కానీ వదులైన బోల్టులు బిగించడానికి, మోగే రేకును కట్టడానికి, బొక్క పడిన సైలెన్సర్ మార్చడానికి, వేగం కొంచెం తగ్గించడానికి ఎంతవుతుంది? ఆ మాత్రం చేయనివాడు ఖర్చు గురించి మాట్లాడకూడదు. ఆ ఇంజను రొద వినపడకుండా స్పీకర్లు కొనడానికి మాత్రం డబ్బులుంటాయి! రొద మీద పాట, పాట మీద అరుపు. దాన్ని సంతోషం అనుకోమంటారు.

బయట ఎట్లా ఉందో చూస్తే సిగ్గేస్తుంది. జర్మనీలో కొండల మధ్య కోనిగ్‌జే అనే సరస్సు ఉంది. అక్కడ 1909 నుంచి షికారు పడవలు కరెంటు మోటారుతోనే నడుస్తాయి. నడి సరస్సులో పడవ ఆపి పడవ మనిషి బాకా ఊదుతాడు, ఎదుటి కొండ దాన్ని తిరిగి పలుకుతుంది. జనం పోయేది ఆ ప్రతిధ్వని వినడానికే. యూరప్‌లో షికారు పడవల ఇంజన్లకు చప్పుడు హద్దులు చట్టంలోనే ఉన్నాయి, ఇంజను శక్తిని బట్టి 67 నుంచి 75 డెసిబెల్స్ దాకా. అంత దూరం వద్దంటే కేరళకు పోదాం. వైకం నుంచి తవణక్కడవు దాకా 2017 జనవరి నుంచి ఆదిత్య అనే 75 సీట్ల పడవ ఎండతోనే నడుస్తాంది. కేరళకు ఎండ ఉంది, మనకు లేదా? ఎండ తప్ప ఇంకేముంది మన సీమలో!

ఇదంతా ఇప్పుడే ఎందుకంటున్నానంటే, గండికోట కోసం. ఎర్రమల కొండలను పెన్న కోసుకుంటూ పోయిన ఆ లోయ అంచున నిలబడితే కింద నీళ్లు, ఎదురుగా రాతి గోడలు. 2024 నవంబరులో కేంద్రం గండికోట అభివృద్ధికి దాదాపు 78 కోట్లు మంజూరు చేసింది. సంతోషం. రోడ్లు, గదులు, లైట్లు వస్తాయి. వాటి వెనకే పడవలూ పెరుగుతాయి. ఆ రెండు రాతి గోడల మధ్య మూత లేని డీజిల్ ఇంజన్లు నాలుగు తిరిగితే, ఒక్కొక్క చప్పుడూ గోడకు కొట్టుకుని తిరిగి వస్తుంది. నీళ్ల మీద చప్పుడు మామూలుగానే దూరం పోతుంది. సాయంత్రం నీళ్ల మీది గాలి చల్లబడినాక పైకి పోయే చప్పుడు కూడా వంగి కిందికే వస్తుంది. కోట పైన మాధవరాయస్వామి గుడి దగ్గర నిలబడినా అదే మోత. మొదటి పడవ దిగకముందే అడగాలి. దిగినాక అడిగితే "పెట్టుబడి పెట్టేసినాం" అంటారు.

పోయిన చలికాలంలో మళ్లీ పోయినాం, అదే నీళ్లకు. ఈసారి వేరే రేవు, వేరే పడవ. ఎక్కకముందే నేను అడిగినా. "అన్నా, నడుమ ఒక పది నిమిషాలు ఇంజను ఆపుతావా? మా అత్త ఊరు ఈడనే ఉండె." ఆయన వింతగా చూసినాడు గానీ, సరే అన్నాడు. గాలి లేని చోట, ఒడ్డుకు దగ్గరగా ఆపి లంగరు వేసినాడు.

అప్పుడు విన్నా నీళ్ల చప్పుడు. పడవ చెక్కకు మెత్తగా తగిలే చప్పుడు. మనం నీళ్ల కోసం బిందె చప్పుడు, బోరు మోటారు చప్పుడు, ట్యాంకర్ హారన్ విని బతికిన వాళ్లం. ఇన్ని నీళ్లు ఒకచోట ఊరికే ఉంటే ఎట్లా ఉంటుందో నలభై ఏళ్లు దాటినాక మొదటిసారి విన్నా.

మా అత్త నెమ్మదిగా చెప్పింది. ఆ కొండ కింద చింతతోపు. తోపుకు ఈ పక్క వాళ్ల ఇల్లు. ఇంటికీ ఏటికీ నడుమ ఎన్ని అడుగులో చిన్నప్పుడు కడవతో లెక్కపెట్టుకుంటూ నడిచేదట. వేళ్ల మీద లెక్కపెట్టింది అదే. మా పాప ఇంటర్ చదువుతోంది, ఫోను పక్కన పెట్టి జేజి పక్కకు జరిగి "ఇంకా చెప్పు జేజీ" అనింది. పడవాయన కూడా విన్నాడు. ఆయన వాళ్ల అమ్మది కూడా మునిగిన ఊరేనట. అదీ అప్పుడే తెలిసింది.

అమ్మా, అక్కా, చెల్లీ, ఈసారి పడవ దగ్గరకు పోయినప్పుడు నాలుగు పనులు చేయండి. టికెట్ కొనకముందు ఇంజను వేసి చూపించమనండి. దాని పక్కన నిలబడి మామూలు గొంతుతో ఒక మాట చెప్పి చూడండి, వినపడకపోతే ఎక్కొద్దు. పెద్దవాళ్లనూ చంటిపిల్లలనూ ఇంజనుకు దూరంగా ముందు వైపు కూర్చోబెట్టండి. క్షేమంగా ఉన్న చోట కాసేపు ఇంజను ఆపమని అడగండి. దిగినాక ఫిర్యాదుల పుస్తకం అడిగి "లైఫ్ జాకెట్ ఇచ్చినారు, సంతోషం. ఇంజనుకు పెట్టె ఎప్పుడు?" అని రాయండి. ఒకరు రాస్తే పిచ్చిది అంటారు. వంద మంది రాస్తే పెట్టె వస్తుంది. జనరేటర్‌కు వచ్చింది కదా.

ఇంట్లో మన మిక్సీ మోతకు హాల్లోంచి కేకలు పడ్డాం ఇన్నేళ్లు. ఒక్క కేక మనం కూడా వేద్దాం. ఆ ఇంజను మూయమని.